‘వాడు గెలవడులే’ అనేవాళ్లతో జాగ్రత్త

కామారెడ్డిలో 2023 డిసెంబర్ 3న ఓట్ల లెక్కింపు మొదలయ్యేదాకా రాష్ట్రం నోట రెండు పేర్లే. ఒకరు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, ఇంకొకరు మరో నాలుగు రోజుల్లో ఆ కుర్చీ ఎక్కబోతున్న రేవంత్‌రెడ్డి. ఇద్దరిలో ఎవరు ఎవరిని మట్టి కరిపిస్తారన్నదే టీవీల్లో చర్చ. లెక్క తేలేసరికి ఇద్దరూ ఓడిపోయారు. బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డికి 66,652 ఓట్లు వచ్చాయి. కేసీఆర్‌కు 59,911, రేవంత్‌కు 54,916. రెండు పెద్ద పార్టీలు, వాటి సర్వే బృందాలు, మండలానికో ఇన్‌చార్జి, ఇంతమంది కళ్ల ముందే మూడో మనిషి 6,741 ఓట్ల ఆధిక్యంతో గెలిచి బయటికొచ్చాడు.

దాన్ని అప్పట్లో ఓ వింతగా చెప్పుకుని వదిలేశాం. అలా వదిలేయాల్సిన సంగతి కాదు. వార్డు మెంబరు నుంచి పార్లమెంటు సభ్యుడి దాకా ఎన్నిక ఏదైనా కానివ్వండి, నోటిఫికేషన్ కంటే ముందే ఊళ్లోకి ఒక మాట దిగుతుంది. ‘మనిషి మంచోడే గానీ గెలవడు.’ ‘వాడికేస్తే ఓటు వేస్టు.’ టీకొట్టు దగ్గర, కల్లు దుకాణంలో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇవే మాటలు ఇంచుమించు ఇదే వరసలో వినిపిస్తాయి. ఈసారి ఆ మాట మీ చెవిన పడినప్పుడు ఒక్క క్షణం ఆగండి. అది ఎవరో తమ అవసరం కొద్దీ తయారు చేసి, మీ నోటితో పదిమందికీ చేర్చాలని ఊళ్లోకి వదిలిన మాట కావచ్చు.

ఎలా తయారవుతుందో తెలుసుకుంటే జాగ్రత్త పడటం తేలిక. ప్రతి ఎన్నిక తర్వాతా ఫారం 20 అనే పట్టిక బయటికొస్తుంది. ఏ పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో వరసగా ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు. మామూలు ఓటరు దాని పేరు కూడా వినడు. పార్టీ ఆఫీసులో కూర్చున్న కుర్రాడు మాత్రం నెలల తరబడి దాంతోనే కాపురం చేస్తాడు. పక్కనే ఓటర్ల జాబితా. ఇంటిపేరు చూసి కులం రాసుకుంటారు, వీధిని చూసి పథకాల లబ్ధిదారులను గుర్తిస్తారు. బూత్ స్థాయి కార్యకర్తను కూర్చోబెట్టుకుని ఒక్కో పేరు పక్కనా ఒక గుర్తు పెడతారు: మనవాళ్లు, అవతలివాళ్లు, ఊగేవాళ్లు. చివరి రెండు రాత్రులు మనుషులు వెళ్లేది ఈ ఊగేవాళ్ల ఇళ్లకే. చేతుల్లో ఏం పట్టుకెళ్తారో తెలుగు పాఠకుడికి వివరించనక్కర్లేదు.

ఈ లెక్కల మధ్యకు అనుకోకుండా ఓ కొత్త పేరు వచ్చి పడిందనుకోండి. మొదట నవ్వుతారు. రెండు వారాల తర్వాత కూడా ఆ పేరు వినిపిస్తుంటే తూకం మొదలవుతుంది. డబ్బు తీయగలడా? అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు చట్టం పెట్టిన పరిమితి మన రాష్ట్రాల్లో 40 లక్షలు. ఆ అంకె చెబితే నవ్వని ఎన్నికల మేనేజరు ఎవరైనా ఉంటే చూడాలని నాకు కోరిక. కులం ఓట్లెన్ని? వెంట తిరిగే మాజీ సర్పంచులు, ఎంపీటీసీలు ఎవరు? బూత్‌కో ఏజెంటును కూర్చోబెట్టగలడా? పోయినసారి నిలబడి ఉంటే ఎన్ని వచ్చాయి? ఇవన్నీ అడిగాక అసలు ప్రశ్న దగ్గరికి వస్తారు. వీడు లాగేది ఎవరి ఓట్లు?

ఆ జవాబును బట్టే కొత్త అభ్యర్థి జాతకం మారిపోతుంది. అవతలి పార్టీ ఓట్లు లాగుతాడని తేలితే ఊరి చివర ఉన్నట్టుండి అతని ఫ్లెక్సీలు లేస్తాయి, ఎవరు కట్టించారో ఎవరికీ తెలియదు. లోకల్ చానల్ అతన్ని పిలిచి అరగంట ఇంటర్వ్యూ చేస్తుంది. అదే మన ఓట్లకు గండి కొడతాడని తేలితే ‘గెలవడులే’ బయల్దేరుతుంది. గెలవడని నిజంగా నమ్మినవాడికి ఆ సంగతి ఇల్లిల్లూ తిరిగి చెప్పే పనేముంది? పట్టించుకోకుండా వదిలేస్తే సరిపోతుంది కదా. ఆ మాట జోరుగా తిరుగుతోందంటే లోపల ఎక్కడో భయం పుట్టిందని అర్థం చేసుకోవాలి.

సర్వే కుర్రాడి సంగతీ చూడండి. చేతిలో ట్యాబ్, మెడలో పేరు సరిగా కనిపించని ట్యాగు. ‘అన్నా, రెండు నిమిషాలే.’ ఎమ్మెల్యే పనితీరు ఎలా ఉంది, రోడ్డు పడిందా, పింఛను వస్తోందా అని మొదలుపెడతాడు. ఐదారు ప్రశ్నలయ్యాక గొంతు మారదు గానీ ప్రశ్న మారుతుంది. ‘ఫలానాయన నిలబడితే ఓటేస్తారా? ఆయన మీద భూకబ్జా కేసుందని తెలిసినా వేస్తారా?’ కేసుందో లేదో ఆ కుర్రాడికీ తెలియదు. ట్యాబ్‌లో ఉంది, చదివాడు. ఆ ప్రశ్న మీ అభిప్రాయం తెలుసుకోవడానికి వచ్చింది కాదు. మీ చెవిలో ఓ అనుమానం పోసి వెళ్లడానికి వచ్చింది. చివర్లో మీ ఫోన్ నంబరు తీసుకుంటాడు. ఆ నంబరుకు మర్నాటి నుంచి ఏవేం వస్తాయో మీకే తెలుస్తుంది. సర్వే ఎవరు చేయిస్తున్నారని అడిగితే చెప్పలేనివాడికి ఓటు సంగతీ నంబరూ ఇవ్వకండి. ఇవ్వనందుకు ఏ పథకమూ ఆగిపోదు.

ఇంత హంగామా చేసినా ఈ తూకం తరచూ తప్పుతుంది. కామారెడ్డి ఫైలే తీసుకోండి. 2018లో వెంకటరమణారెడ్డికి వచ్చినవి సుమారు 15 వేల ఓట్లు, స్థానం మూడోది. ఫారం 20 చూసి లెక్కవేసే ఎవరైనా ఆ పేరును పక్కన పెట్టేవారే. ఆ పట్టికకు ఎక్కనిది 2022 చివర్లో మొదలైన మాస్టర్ ప్లాన్ గొడవ. తమ సాగుభూములను పారిశ్రామిక జోన్‌లో చూపించారని చుట్టుపక్కల ఊళ్ల రైతులు రోడ్డెక్కారు. ఓ రైతు ప్రాణం తీసుకున్నాడు. 2023 జనవరిలో కలెక్టరేట్‌ను ముట్టడించారు, చివరికి మున్సిపాలిటీ వెనక్కి తగ్గింది. ఆ రోజుల్లో ఎవరు వెంట నిలబడ్డారో రైతులు గుర్తుపెట్టుకున్నారు. అలాంటి జ్ఞాపకాన్ని ఏ కులం లెక్కలో వేస్తారు, ఏ ఎంపీటీసీ ఖాతాలో రాస్తారు?

తెలుగువాళ్లకు ఈ పాఠం కొత్తది కాదు. 1982 మార్చి 29న ఎన్టీ రామారావు పార్టీ పెట్టినప్పుడు కాంగ్రెస్ దగ్గర 1956 నుంచి చేజారని అధికారం ఉంది, ఊరూరా పెద్దమనుషులున్నారు. ముఖానికి రంగేసుకునేవాడు రాజ్యమేలుతాడా అన్న ఎగతాళి ఉంది. ఆయన ప్రచార వాహనం చైతన్యరథం తిరుగుతుంటే జనం సినిమా తారను చూడ్డానికి వస్తున్నారని, ఓటు మాత్రం చెయ్యి గుర్తుకే వేస్తారని లెక్కవేసుకున్నారు. ఒక్క శాసనసభ కాలంలో నలుగురు ముఖ్యమంత్రులను మార్చిన సంగతి జనం మనసులో ఎంత దూరం పోయిందో ఆ లెక్కలో లేదు. తొమ్మిది నెలల పార్టీకి 1983 జనవరిలో 294లో రెండు వందలకు పైగా స్థానాలు వచ్చాయి, కాంగ్రెస్‌కు 60. ఆ ఎన్టీఆరే 1989లో హిందూపురంతో పాటు కల్వకుర్తిలోనూ నిలబడ్డారు. కల్వకుర్తిలో కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. ఒకప్పుడు తనను తక్కువ అంచనా వేసినవాళ్లను చిత్తు చేసిన నాయకుడికే ఆ పరిస్థితి వచ్చిందంటే కుర్చీలో కూర్చున్నాక చూపు ఎంత మందగిస్తుందో చూడండి.

అంచనా రెండో వైపుకూ తప్పుతుంది. 2008 ఆగస్టులో చిరంజీవి ప్రజారాజ్యం పార్టీ పెట్టిన తిరుపతి సభకు వచ్చిన జనాన్ని చూసినవాళ్లలో చాలామంది ఆయనే కాబోయే ముఖ్యమంత్రి అని రాసేశారు. 2009లో ప్రజారాజ్యానికి 18 స్థానాలొచ్చాయి. తిరుపతిలో గెలిచిన చిరంజీవి పాలకొల్లులో కాంగ్రెస్ అభ్యర్థి బంగారు ఉషారాణి చేతిలో ఓడారు. అయినా ఆ పార్టీకి పడిన 16 శాతం దాకా ఓట్లు ఊరికే పోలేదు. ప్రభుత్వ వ్యతిరేక ఓటు రెండుగా చీలింది, వైఎస్ రాజశేఖరరెడ్డి 156 స్థానాలతో మళ్లీ వచ్చారు. గెలవని అభ్యర్థి ఎవరిని గెలిపిస్తాడన్న లెక్క పార్టీలకు ఎందుకంత ముద్దో 2009 చూస్తే తెలుస్తుంది. జనసేన సంగతైతే ఇంకా విచిత్రం. 2019లో పవన్ కల్యాణ్ నిలబడ్డ రెండు చోట్లా ఓడి, పార్టీకి రాజోలు ఒక్కటే దక్కితే పని అయిపోయిందన్నారు. 2024లో పొత్తులో పోటీ చేసిన 21కి 21 గెలిచింది.

ఇక్కడో ప్రమాదకరమైన ఆట గురించి కూడా చెప్పాలి. ప్రత్యర్థిని తూచడంతో ఆగక, తమకు అనువైన ప్రత్యర్థిని తామే ఎంచుకునే ఆట అది. అమెరికాలో దీన్ని బాహాటంగానే ఆడారు. 2012లో మిస్సోరీ సెనేటర్ క్లెయిర్ మెక్‌కాస్కిల్ అవతలి పార్టీ అభ్యర్థి ఎంపికలో వేలు పెట్టారు. టాడ్ ఏకిన్ అనే నాయకుడు ‘మరీ కరడుగట్టిన సంప్రదాయవాది’ అంటూ సుమారు 17 లక్షల డాలర్ల ప్రకటనలు గుప్పించారు. పైకి విమర్శ, లోపల ఆ పార్టీ ఓటర్లకు సిఫారసు. ఏకిన్ ఎంపికయ్యాడు, ఆపైన నోరు జారాడు, ఆమె గెలిచారు, ఆ కథనంతా తర్వాత తన పుస్తకంలో తానే రాసుకున్నారు. మూడేళ్లకు, 2015లో, హిల్లరీ క్లింటన్ బృందంలో తిరిగిన ఓ అంతర్గత పత్రం కూడా అదే దారి పట్టింది. అవతలి పార్టీలో తేలిగ్గా ఓడించదగ్గవాళ్లుగా కనిపించిన కొందరికి ప్రాధాన్యం దక్కేలా చూడాలని అందులో ఉంది. ఆ పేర్లలో ఒకటి డొనాల్డ్ ట్రంప్. మిగతాది అందరికీ తెలిసిందే.

మన దగ్గర ఎవరూ పుస్తకాల్లో రాసుకోరు. అయితే 2020 దుబ్బాక, జీహెచ్ఎంసీ ఎన్నికల తర్వాత తెలంగాణలో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. వడ్ల కొనుగోలు ధర్నా నుంచి ఫ్లెక్సీల యుద్ధం దాకా పోరంతా టీఆర్ఎస్‌కూ బీజేపీకీ మధ్యే అన్నట్టు నడిచింది. కాంగ్రెస్‌కు 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో 3,014 ఓట్లొచ్చాయి. 2022 నవంబర్‌లో మునుగోడులో డిపాజిట్ పోయింది. ఇక కాంగ్రెస్ పని సరి అని రాయని కలం లేదు. పదమూడు నెలలు తిరగకముందే కాంగ్రెస్‌కు 64 స్థానాలు, బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్ఎస్‌కు 39, బీజేపీకి 8. ఏ ప్రత్యర్థిని ఎదురుగా నిలబెట్టుకుంటే తేలికో చూసుకుంటూ పక్కనుంచి వస్తున్నవాణ్ని వదిలేశారన్నది నా అభిప్రాయం. ఇందులో పార్టీల నష్టం సంగతి పార్టీలు చూసుకుంటాయి. మూడేళ్లపాటు ప్రజలకు చూపించిన పోటీకి, చివరికి తేలిన పోటీకి పొంతన లేకపోవడం మాత్రం ఓటరు ఆలోచించాల్సిన సంగతి.

తూకంలో బరువుగా తేలిన చిన్న అభ్యర్థి మీద ప్రయోగించేవి ఇంకా ఉన్నాయి. అదే పేరుతో మరో ఇద్దరితో నామినేషన్ వేయిస్తారు. ఈ బెడద తట్టుకోలేకే 2015 నుంచి ఓటింగ్ యంత్రం మీది పత్రంలో అభ్యర్థుల ఫొటోలు పెడుతున్నారు. గుర్తుల తికమక సరేసరి. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానాన్ని టీఆర్ఎస్ 5,219 ఓట్ల తేడాతో పోగొట్టుకుంది, అక్కడ కారును పోలిన రోడ్డు రోలర్ గుర్తుకు పడినవి 27,973. తర్వాత ఆ పార్టీ గుండెలు బాదుకున్నా గుర్తు చూసి తడబడ్డవాళ్ల ఓటు తిరిగి రాలేదు. కళ్లు మసకబారిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే గుర్తుతో పాటు ఫొటో చూసుకోమని ముందే చెప్పి పంపండి.

కొల్లాపూర్‌లో 2023లో బర్రెలక్కగా పేరుబడ్డ శిరీష ఈల గుర్తుపై స్వతంత్రంగా నిలబడింది. ఉద్యోగ నోటిఫికేషన్లు రాని నిరుద్యోగుల గోడు తప్ప ఆమె వెనక ఏముంది? మొదట అందరూ ఆటలో అరటిపండు అనుకున్నారు. జనం చందాలు వేసి వెంట తిరగడం మొదలయ్యాక ప్రచారంలో ఆమె తమ్ముడిపై దాడి జరిగింది. భద్రత కోసం హైకోర్టు గడప తొక్కాల్సి వచ్చింది. చివరికి ఆమెకు వచ్చినవి సుమారు 5,700 ఓట్లు. ఆ ఓట్లు వేసినవాళ్లు వృథా చేసుకున్నారని ఎవరైనా అంటే, నిరుద్యోగం గురించి ఆ నెల రోజుల్లో కొల్లాపూర్‌లో జరిగినంత చర్చ ఇంకెక్కడ జరిగిందో చూపించమనండి.

అంకెలను నమ్మి ఇళ్లు గుల్ల చేసుకున్నవాళ్ల సంగతి వేరే చెప్పాలి. 2024 జూన్ 1న పేరున్న ఓ సర్వే సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్సీపీకి 94 నుంచి 104 స్థానాలు వస్తాయని ప్రకటించింది. జూన్ 4న వచ్చినవి 11. మధ్యలో ఆ మూడు రోజులూ పందేలు కాసినవాళ్లున్నారు. పొలాలు, నగలు పోగొట్టుకున్నవాళ్ల గురించి, చివరికి ప్రాణం తీసుకున్నవాళ్ల గురించి కూడా వార్తలు చదివాం. ప్రభుత్వం నుంచి పథకం అందుకుంటున్న మనిషి, గుమ్మంలో నిలబడి అడిగినవాడికి మనసులో మాట చెబుతాడని ఎలా అనుకుంటారు? అడిగినవాడికి ఒకటి చెప్పి, యంత్రం దగ్గర మరొకటి నొక్కడం మనవాళ్లకు ఎప్పటినుంచో అలవాటే. ఆ దాపరికం ఓటరు తనను తాను కాపాడుకునే దారి. దాన్ని శాతాల్లోకి మార్చి అమ్మేవాళ్ల మాట మీద రూపాయి కూడా పెట్టకండి.

చట్టం ఎంతవరకు ఆదుకుంటుంది? ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఏ సెక్షన్ ప్రకారం తొలి విడత పోలింగ్ మొదలైనప్పటి నుంచి చివరి విడత ముగిసిన అరగంట దాకా ఎగ్జిట్ పోల్ ఫలితాలు బయటపెట్టకూడదు. పెడితే రెండేళ్ల దాకా జైలు. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో టీవీల్లో ఒపీనియన్ పోల్స్ ప్రసారం చేయడానికీ వీల్లేదు. గోడకు అంటించే ఎన్నికల పోస్టరు కింద ముద్రించినవారి పేరు ఉండి తీరాలని 127ఏ చెబుతుంది. ఫోన్లో తిరిగే సర్వే బొమ్మ కింద మాత్రం చాలాసార్లు ఎవరి పేరూ ఉండదు. ఎంతమందిని అడిగారు, ఎక్కడ అడిగారు, డబ్బెవరు పెట్టారు అని ప్రతి సర్వే చెప్పి తీరాలనే చట్టం ఈ దేశంలో ఇప్పటికీ లేదు. సర్వేల వల్ల నష్టపోయామని గగ్గోలు పెట్టే పార్టీలే అధికారంలోకి వచ్చాక ఆ ఊసెత్తవు. వచ్చే సభలో ఈ ప్రశ్న అడుగుతారా అని ఓటు అడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ నిలదీయాలి.

గెలిచేవాళ్లలోనే ఒకరిని ఎంచుకోవాలనుకోవడం తప్పేమీ కాదు. ఇష్టం లేనివాణ్ని ఓడించడానికి ఇష్టం లేని ఇంకొకరికి ఓటేసినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. ఆ లెక్క మీరే వేసుకోండి, అరువు తెచ్చుకోకండి. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్లో మీ నియోజకవర్గం ఫారం 20 దొరుకుతుంది. మీ ఊరి బూత్‌లో పోయినసారి ఎవరికెన్ని వచ్చాయో చూసుకోండి, ఆ తర్వాత ఊళ్లో మారిందేమిటో మీకు తెలిసినంతగా హైదరాబాద్‌లో, విజయవాడలో కూర్చున్న మేనేజరుకు తెలియదు. ‘గెలవడు’ అని చెప్పినవాణ్ని రెండు ముక్కలు అడగండి: నీకెవరు చెప్పారు, నువ్వెవరికి వేస్తున్నావు? రెండో జవాబు వినగానే మొదటిది చాలావరకు తేలిపోతుంది.

అన్నిటికంటే పెద్ద గండం చివరి రెండు రాత్రులు. పేరున్న చానల్ లోగో అతికించిన దొంగ సర్వేలు అప్పుడే వస్తాయి. ‘ఫలానా అభ్యర్థి తప్పుకున్నాడు, మనకే మద్దతిచ్చాడు’ అన్న కబురూ అప్పుడే వస్తుంది. నామినేషన్ల ఉపసంహరణ గడువు దాటాక తప్పుకోవడమంటూ ఉండదు, యంత్రం మీద అతని పేరు అలాగే ఉంటుంది. తెలిసి తెలిసి అలాంటి అబద్ధం పుట్టించడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(4) కింద అవినీతి చర్య, గెలిచిన అభ్యర్థికో అతని ఏజెంటుకో అది అంటుకుంటే ఎన్నికే రద్దు కావచ్చు. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలైతే 1950కి ఫోన్ చేయండి. పెయిడ్ న్యూస్ అనిపిస్తే జిల్లా మీడియా పర్యవేక్షణ కమిటీకి రాసివ్వండి. డబ్బు, మద్యం పంచుతూ కళ్లబడితే సీ-విజిల్ యాప్ తెరిచి అందులోనే ఫొటో తీయండి, గ్యాలరీలో దాచుకున్న పాత ఫొటోలను అది తీసుకోదు. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలైతే ఫిర్యాదు రాష్ట్ర ఎన్నికల సంఘానికి వెళ్లాలి. ఆ రెండు రాత్రులూ మీ ఫోన్‌కు వచ్చిన ఏ సర్వేనూ, ఎంత నమ్మకస్తుడు పంపినా సరే, ఇంకొకరికి పంపకండి.